కిలిమంజారో ముందా, సఫారీ ముందా, ఎన్ని రోజులు కావాలి?

మీ ప్రశ్నను నేను అర్థం చేసుకున్న మేరకు మళ్ళీ చెప్తాను. మీకు 46 ఏళ్ళు, మీ శ్రీమతి గారికి 43. వచ్చే ఫిబ్రవరిలో టాంజానియా వెళ్ళి సఫారీ, కిలిమంజారో రెండూ ఒకే ప్రయాణంలో పూర్తి చేయాలని అనుకుంటున్నారు. ట్రావెల్ ఏజెంటు ఇచ్చిన కార్యక్రమంలో మొదట 4 రోజుల సఫారీ, అందులో సెరెంగెటి జాతీయ పార్కు ఉత్తర భాగంలో మారా నది దాటే జంతువులను చూడటం, ఆ తర్వాత మరంగు దారిలో 5 రోజుల కొండ ప్రయాణం ఉన్నాయి. మీరు రక్తపోటుకు మాత్ర వేసుకుంటారు, శ్రీమతి గారు శాకాహారి. ఈ కార్యక్రమం సరైనదేనా, ఇప్పటి నుంచి ఎలా సిద్ధం కావాలి అని అడిగారు.

ముందు సమాధానం చెప్పి తర్వాత కారణాలు వివరిస్తాను. కొండ ముందు, సఫారీ తర్వాత. కొండకు 5 రోజులు చాలవు, కనీసం 7, వీలైతే 8 రోజులు పెట్టుకోండి. ఫిబ్రవరిలో ఉత్తర సెరెంగెటికి వెళ్ళవద్దు, దక్షిణాన ఉన్న న్దుటు ప్రాంతానికి వెళ్ళండి. ఈ మూడింటిలో ఒక్కటే మార్చడం మీకు సాధ్యమైతే కొండ మీద రోజులు పెంచండి. మిగిలిన లోపాలను డబ్బుతోనో ఓపికతోనో సర్దుకోవచ్చు గానీ, రోజులు తక్కువైతే సర్దుకునే మార్గం లేదు.

నేను ఉద్యోగరీత్యా పదకొండేళ్ళు దారెస్సలాంలో ఉన్నాను. ఆ కాలంలో కిలిమంజారోకు నాలుగుసార్లు వెళ్ళాను, మూడుసార్లు శిఖరం చేరాను. మన ఊళ్ళ నుంచి వచ్చిన బంధువులకూ స్నేహితులకూ ఇలాంటి ప్రయాణాలు చాలా ఏర్పాటు చేశాను. నేను వైద్యుణ్ణి కాను కనుక ఆరోగ్యం గురించి చెప్పేవన్నీ మీ డాక్టరు గారితో సరిచూసుకోండి.

కిలిమంజారో శిఖరమైన ఉహురు 5,895 మీటర్ల ఎత్తున ఉంది. అక్కడికి తాళ్ళు కట్టుకుని పాకవలసిన పని లేదు, నడిచే చేరవచ్చు. అందువల్లనే దీన్ని చాలామంది తేలిక అనుకుంటారు. కానీ ఆ ఎత్తున గాలి ఒత్తిడి సముద్రమట్టంలో ఉండేదానిలో దాదాపు సగమే ఉంటుంది, అంటే ఒక్కొక్క శ్వాసలో మనకు అందే ప్రాణవాయువు కూడా సగమే. శరీరం ఈ లోటుకు అలవాటు పడగలదు. శ్వాస వేగం పెంచుకుంటుంది, ఆ వేగం వల్ల రక్తంలో వచ్చే మార్పును మూత్రపిండాలు మెల్లగా సరిచేస్తాయి. ఈ పనికి రోజులు పడతాయి. ఎంత కసరత్తు చేసిన వారికైనా ఆ రోజులు తగ్గవు. 3,000 మీటర్లు దాటిన తర్వాత ఒక రాత్రి పడుకునే చోటికీ మరుసటి రాత్రి పడుకునే చోటికీ 500 మీటర్ల కన్నా ఎక్కువ తేడా ఉండకూడదని, మూడు నాలుగు రోజులకు ఒకసారి అదే ఎత్తున ఆగాలని పర్వత వైద్యులు చెప్పే లెక్క.

ఇప్పుడు మీ ఏజెంటు ఇచ్చిన 5 రోజుల మరంగు కార్యక్రమాన్ని ఈ లెక్క పక్కన పెట్టి చూడండి. మొదటి రాత్రి మందారా గుడిసెలు, 2,720 మీటర్లు. రెండవ రాత్రి హొరొంబో, 3,720. మూడవ రాత్రి కిబో, 4,720. మందారా తర్వాత రోజుకు 1,000 మీటర్ల పెరుగుదల. ఆ మూడవ రాత్రి కూడా పూర్తిగా నిద్రపోయేది కాదు, అర్ధరాత్రికి లేచి శిఖరానికి బయలుదేరవలసినది.

నా మొదటి ప్రయత్నం సరిగ్గా ఈ కార్యక్రమమే. అప్పుడు నాకు 38 ఏళ్ళు. రోజూ ఉదయం పరుగు పెట్టే అలవాటు ఉంది కనుక నాకు కాదంటే ఇంకెవరికి సాధ్యం అనుకున్నాను. కిబోలో సాయంత్రం సూపు కూడా కడుపులో నిలవలేదు. తలనొప్పికి మాత్ర వేసుకుని అర్ధరాత్రి బయలుదేరాను. శిఖరం మీది అగ్నిపర్వత బిలం అంచు ఇంకా పైనే ఉందనగా గైడు నన్ను ఆపి, ఒక పాదం మడమను మరో పాదం వేళ్ళకు ఆనిస్తూ తిన్నగా పది అడుగులు నడవమన్నాడు. నాలుగో అడుగుకే పక్కకు పడిపోయాను. ఆయన నాతో వాదించలేదు, వెంటనే చెయ్యి పట్టుకుని కిందికి తీసుకుపోయాడు. హొరొంబో చేరేసరికి తలనొప్పి తగ్గింది, ఆకలి కూడా వేసింది. నడకలో తూకం తప్పడం మెదడులో నీరు చేరుతున్నదనడానికి గుర్తు అని, ఆ గైడు ఆ రాత్రి నా ప్రాణం కాపాడి ఉండవచ్చని నాకు తర్వాత తెలిసింది.

ఆరు రోజుల మరంగు కొంత నయం, ఎందుకంటే హొరొంబోలో ఒక రోజు అదనంగా ఆగుతారు. కానీ నా సలహా మచామె దారిలో 7 రోజులు, లేదా లెమొషో దారిలో 8 రోజులు. ఈ రెండు దారుల్లోనూ గుడారాల్లో పడుకోవాలి, మరంగులో ఉన్నట్లు గుడిసెలు ఉండవు. అయినా వీటికి ఒక గొప్ప సౌకర్యం ఉంది: దాదాపు 4,600 మీటర్ల ఎత్తున ఉన్న లావా టవర్ దాకా ఎక్కించి, మధ్యాహ్న భోజనం అక్కడే పెట్టి, రాత్రి నిద్రకు 3,950 మీటర్ల దగ్గర ఉన్న బరాంకోకు దింపుతారు. పగలు ఎత్తుకు ఎక్కి, రాత్రి పల్లంలో పడుకోవడం కన్నా మంచి అలవాటు శరీరానికి మరొకటి లేదు. లావా టవర్ దగ్గర తలనొప్పి రావడం సహజం. బరాంకో చేరాక అది తగ్గిందా లేదా అన్నదే గైడు గమనించే విషయం. మరునాడు బరాంకో గోడ అనే రాతి ఎక్కుడు వస్తుంది. చేతులు కూడా వాడుతూ ఎక్కాలి, భయపడేంత కష్టం కాదు. ఆ తర్వాత కరంగా, బరాఫు మజిలీలు. కరంగాను కలిపేసి బరాంకో నుంచి నేరుగా బరాఫుకు తీసుకువెళ్ళే 6 రోజుల మచామె కార్యక్రమాలు కూడా అమ్ముతారు. వాటిని ఒప్పుకోకండి.

రోజులు పెరిగితే పార్కు రుసుములు, సిబ్బంది జీతాలు పెరిగి ఖర్చు పెరుగుతుందన్నది నిజమే. అలాంటప్పుడు సఫారీలో ఖరీదైన లాడ్జీలకు బదులు సాధారణ టెంట్ క్యాంపులు తీసుకోండి. సింహం మీరు ఏ మంచం మీద పడుకున్నారో చూసి కనిపించదు. కొండ విషయంలో మాత్రం బేరం ఆడి ధర తగ్గించుకుంటే, ఆ తగ్గింపు చాలావరకు మోతవాళ్ళ కూలి నుంచీ తిండి నుంచీ పోతుంది. ఒక్కొక్క యాత్రికుడికి ముగ్గురు నలుగురు మోతవాళ్ళు అవసరమవుతారు. కంపెనీని ఎంచుకునేటప్పుడు ఈ ప్రశ్నలు అడగండి: మోతవాళ్ళకు రోజుకు ఎంత ఇస్తారు, వారికి మూడు పూటలా భోజనం, మంచి గుడారం ఉన్నాయా, గైడు దగ్గర పల్స్ ఆక్సీమీటరు, ఆక్సిజన్ సిలిండరు ఉంటాయా, ఇద్దరు యాత్రికులకు ఎంతమంది గైడులను పంపుతారు. ఈ చివరి ప్రశ్న ఎందుకో కింద చెప్తాను. మోతవాళ్ళ హక్కుల కోసం పనిచేసే కిలిమంజారో పోర్టర్స్ అసిస్టెన్స్ ప్రాజెక్ట్ అనే సంస్థ ఉంది. దానితో భాగస్వామ్యం ఉన్న కంపెనీలలో ఒకదాన్ని ఎంచుకుంటే మీకు సగం విచారణ తప్పుతుంది.

మందుల విషయానికి వస్తే, ఎత్తుకు అలవాటు పడటంలో సాయపడే ఎసిటజోలమైడ్ మాత్రను, మనం డయామాక్స్ అనే పేరుతో ఎరిగినదాన్ని, చాలామంది డాక్టర్లు పెద్దవారికి 125 మిల్లీగ్రాముల చొప్పున రోజుకు రెండుసార్లు రాస్తారు. సల్ఫా మందులు పడనివారు ముందే చెప్పాలి. ఇది మూత్రం ఎక్కువ చేస్తుంది, వేళ్ళకు తిమ్మిరి తెస్తుంది. ఇంటి దగ్గరే రెండు రోజులు వేసుకుని చూసి రండి, కొండ మీద మొదటిసారి వేసుకోవద్దు. మీ రక్తపోటు మాత్ర పేరు డాక్టరు గారికి చూపి ప్రత్యేకంగా అడగండి. బీటా బ్లాకర్ రకమైతే అది గుండె వేగాన్ని అణచి ఉంచుతుంది, ఎత్తులో గుండె వేగంగా కొట్టుకోవలసిన అవసరం ఉంటుంది. మూత్రం ఎక్కువ చేసే రకమైతే డయామాక్స్‌తో కలిసి ఒంట్లో నీరు తగ్గిపోవచ్చు. మాత్రను మీరే మానేయడం మాత్రం ఎట్టి పరిస్థితిలోనూ చేయకండి.

తలనొప్పి, ఆకలి లేకపోవడం, నిద్ర చాలకపోవడం ఎత్తులో దాదాపు అందరికీ ఉండేవే. వాటితో అదే ఎత్తున ఆగవచ్చు. కానీ కదలకుండా కూర్చున్నా ఆయాసం తగ్గకపోవడం, నురగతో దగ్గు, మాట తడబడటం, తూలి నడవడం వీటిలో ఏ ఒక్కటి కనిపించినా రాత్రా పగలా అని చూడకుండా దిగాలి. ఆక్సిజన్, మందులు దిగడానికి తోడ్పడేవే తప్ప దిగడానికి బదులు కావు. మీ లక్షణాలను గైడు దగ్గర దాచకండి. మనవాళ్ళలో ఈ దాచే అలవాటు ఎక్కువ. అంత ఖర్చు పెట్టి వచ్చాం, చెప్తే దింపేస్తారేమో అన్న భయం అది. నిజానికి లావా టవర్ దగ్గర తలనొప్పి చెప్పినవారిని ఎవరూ దింపరు, నడక తగ్గించి, నీళ్ళు తాగించి, సాయంత్రం మళ్ళీ చూస్తారు. అక్కడి గైడులు రోజుకు వందసార్లు "పోలే పోలే" అంటారు, స్వాహిలీలో మెల్లగా మెల్లగా అని. పక్కవారితో మాట్లాడుతూ నడవగలిగినంత నిదానమే మీ వేగం కావాలి.

శిక్షణకు మీకు ఆరు నెలలు ఉంటే చాలు. ఎత్తుకు అలవాటు పడటాన్ని కసరత్తు త్వరపెట్టదని పైన చెప్పాను. అయితే శిఖరపు రాత్రి ఆరేడు గంటలు ఎక్కి, అదే రోజు మ్వెకా మజిలీ దాకా దాదాపు 2,800 మీటర్లు దిగవలసి ఉంటుంది కనుక కాళ్ళు, ముఖ్యంగా మోకాళ్ళు సిద్ధంగా ఉండాలి. విజయవాడలో ఉంటారు కనుక వారంలో మూడు రోజులు మెట్లు ఎక్కి దిగండి, ఆదివారాలు 6 కిలోల సంచీ వీపున వేసుకుని కొండపల్లి వైపు నాలుగైదు గంటలు నడవండి. అలిపిరి కాలిబాటలో 3,550 మెట్లు ఉన్నాయి. నేను అందరికీ చెప్పేది, వాటిని ఎక్కడం కన్నా ఎక్కి దిగడం మీద దృష్టి పెట్టండి అని. బస్సులో దిగివస్తే శిక్షణలో సగం వదిలేసినట్లే.

ఎత్తు అనుభవం కావాలంటే మన రాష్ట్రాల్లో దొరకదు, తూర్పు కనుమల్లో ఎక్కడా 2,000 మీటర్ల ఎత్తు కూడా లేదు. వీలైతే ఈ లోపల హిమాలయాల్లో కేదార్‌కంఠా లాంటి, 3,800 మీటర్ల దరిదాపుల్లోని నడక ఒకటి చేసి రండి. నెలల తర్వాత ఆ అలవాటు శరీరంలో మిగలదు గానీ చలిలో గుడారంలో పడుకోవడం, ఎత్తులో మీకు తలనొప్పి ఎలా మొదలవుతుందో తెలియడం మిగులుతాయి. నిజామాబాద్ జిల్లా పాకాల నుంచి వచ్చిన మాలావత్ పూర్ణ 2014లో 13 ఏళ్ళ వయస్సులో ఎవరెస్టు ఎక్కడానికి ముందు భువనగిరి బండల మీద మొదలుపెట్టి, ఆ తర్వాత హిమాలయాల్లో శిక్షణ పొందింది. మన ఊరి గుట్టలు మొదటి మెట్టుగా బాగానే పనికివస్తాయి, కానీ రెండో మెట్టు ఒకటి ఉండాలి.

సామాను గురించి ఇంటర్నెట్‌లో జాబితాలు చాలా దొరుకుతాయి, అవన్నీ ఇక్కడ మళ్ళీ రాయను. వాటిలో తగినంత గట్టిగా చెప్పనివి కొన్ని చెప్తాను. బూట్లు కనీసం రెండు నెలలు వాడి మెత్తబడినవై ఉండాలి. విమానంలో వాటిని కాళ్ళకే వేసుకుని వెళ్ళండి, ఎందుకంటే తప్పిపోయిన సంచీలో మిగిలినవన్నీ కొండ కింది ఊరైన మోషీలో అద్దెకు దొరుకుతాయి, మీ కాలికి అలవాటైన బూట్లు దొరకవు. మోతవాడికి ఇచ్చే మీ సంచీ 15 కిలోలు దాటకూడదు, అది గట్టి సూట్‌కేసు కాకుండా మెత్తని డఫెల్ సంచీ కావాలి. శిఖరం మీద చలి సున్నాకు 10 నుంచి 20 డిగ్రీలు దిగువన ఉండవచ్చు. ఆ రాత్రి గొట్టంతో పీల్చే నీటి సంచీలో నీరు గొట్టంలోనే గడ్డకడుతుంది, కనుక వెడల్పు మూత సీసాలో వేడి నీళ్ళు పోసి, మేజోడులో చుట్టి, తలకిందులుగా పెట్టుకోండి. ఫోను, హెడ్ ల్యాంపు బ్యాటరీలను ఒంటికి ఆనించి ఉంచండి. ప్రయాణానికి ముందు రోజు కాలి గోళ్ళు పొట్టిగా కత్తిరించుకోవడం మరవకండి. దిగేటప్పుడు వేళ్ళు బూటు ముందు భాగానికి గుద్దుకుని గోళ్ళు నల్లబడిన వారిని చాలామందిని చూశాను. టాంజానియాలో ప్లాస్టిక్ క్యారీ బ్యాగులపై 2019 నుంచి నిషేధం ఉంది, బట్టలను గుడ్డ సంచుల్లో సర్దుకోండి.

శ్రీమతి గారి భోజనం గురించి దిగులు అక్కరలేదు. కొండ మీది వంటవాళ్ళు అన్నం, చపాతీ, కూరగాయల సూపు, బీన్స్, ఉదయం జావ బాగానే చేస్తారు. గుడ్డు కూడా తినకపోతే ముందుగానే రాతపూర్వకంగా చెప్పండి. అసలు సమస్య ఎత్తులో ఆకలి చచ్చిపోవడం. నాలుగో రోజు నుంచి చప్పటి తిండి ఎంత బాగున్నా గొంతు దిగదు. అప్పుడు కాస్త కరివేపాకు పొడి, ఉసిరి పచ్చడి, పులిహోర పేస్టు పనికివచ్చినట్లు ఏ ఎనర్జీ బారూ పనికిరాదు. మా గుంటూరు పిన్ని గారు 58 ఏళ్ళ వయస్సులో లెమొషో దారిలో 8 రోజులు నడిచి శిఖరం చేరింది. బరాఫులో ఆవిడ తిన్నది వేడి అన్నంలో గోంగూర పచ్చడి మాత్రమే. రోజుకు 3 లీటర్ల నీళ్ళకు తగ్గకుండా తాగండి.

ఇక సఫారీ. జంతువుల వలస ఏడాది పొడవునా సాగే చక్రం, ఎప్పుడు పడితే అప్పుడు ఎక్కడ పడితే అక్కడ కనిపించదు. పది లక్షలకు పైబడిన వైల్డ్‌బీస్ట్‌లు (పెద్ద జింకజాతి జంతువులు) జీబ్రాలతో కలిసి మారా నది దాటేది సుమారుగా జూలై నుంచి అక్టోబరు దాకా. జనవరి నుంచి మార్చి దాకా అవి దక్షిణాన పొట్టి గడ్డి మైదానాల్లో ఉంటాయి, ఫిబ్రవరిలో అక్కడే ఎక్కువగా ఈనుతాయి. పుట్టిన దూడ నిమిషాల్లో లేచి తల్లి వెంట నడవడం, దూరంగా చిరుతపులులూ హైనాలూ కాచుకుని ఉండటం చూడాలంటే న్దుటుకు వెళ్ళాలి. ఫిబ్రవరిలో మారా నది ఒడ్డున మీకు కనిపించేది మొసళ్ళూ నీటిగుర్రాలే. ఒక రోజు తరంగిరె పార్కులో ఏనుగులకూ బావోబాబ్ చెట్లకూ, రెండు రోజులు న్దుటుకు, ఒక రోజు ఎన్‌గోరోంగోరోకు ఇస్తే సరిపోతుంది. ఆ అగ్నిపర్వత గిన్నె అంచు 2,300 మీటర్ల దగ్గర ఉంటుంది, తెల్లవారుజామున బాగా చలి, కొండకు తెచ్చుకున్న స్వెటర్లు అక్కడ ఉపయోగపడతాయి. ముదురు నీలం, నలుపు బట్టలు సెట్సీ ఈగలను ఆకర్షిస్తాయి, ఖాకీ, బూడిద రంగులు వేసుకోండి. సైనికుల మచ్చల రంగు బట్టలు మాత్రం వద్దు, అక్కడ పౌరులు వాటిని ధరించకూడదు.

సఫారీని తర్వాత పెట్టమనడానికి కారణం ఇప్పుడు చెప్తాను. సఫారీలో రోజంతా దుమ్ము, కుదుపులు, కొత్త చోట్ల తిండి ఉంటాయి. దగ్గుతోనో విరేచనాలతోనో కొండ మొదలుపెట్టడం కన్నా, కొండ దిగి అలసిన కాళ్ళను జీపులో చాపుకుని కూర్చోవడం మేలు. సఫారీ ముందుంటే ఎత్తుకు అలవాటవుతుంది కదా అని కొందరు అంటారు. ఒక్క రాత్రి 2,300 మీటర్ల దగ్గర పడుకున్నంత మాత్రాన వచ్చే లాభం చాలా తక్కువ.

టీకాలు, మలేరియా విషయం త్వరగా చెప్తాను. మీ విమానం నైరోబి లేదా అడిస్ అబాబా మీదుగా అయితే ఎల్లో ఫీవర్ టీకా తప్పక వేయించుకోండి, లేకపోతే తిరిగి వచ్చినప్పుడు మన విమానాశ్రయంలో క్వారంటైన్‌లో ఉంచే అవకాశం ఉంది. టీకా వేసిన 10 రోజుల తర్వాతనే ధ్రువపత్రం చెల్లుబాటవుతుంది, ఆ తర్వాత జీవితాంతం చెల్లుతుంది. దీన్ని ప్రభుత్వం అనుమతించిన కేంద్రాల్లోనే వేస్తారు, హైదరాబాదులో నారాయణగూడలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్ వాటిలో ఒకటి. మలేరియా దోమల ద్వారా వస్తుందని రొనాల్డ్ రాస్ 1897లో మన సికింద్రాబాదులోనే కనుగొన్నాడు కనుక మనకు ఆ జ్వరం కొత్త కాదు. అయితే టాంజానియాలో ఉన్నది క్లోరోక్విన్‌కు లొంగని రకం, ముందు జాగ్రత్తగా వేరే మందు వాడాలి. డాక్సీసైక్లిన్ చవక, కానీ ఎండకు చర్మం త్వరగా కమిలిపోయేలా చేస్తుంది, కొండ మీద ఎండ తీవ్రంగా ఉంటుంది. అటోవక్వోన్, ప్రోగ్వనిల్ కలిసిన మాత్ర గురించి మీ డాక్టరు గారిని అడగండి. దోమ కొండ మీద కుట్టదు గానీ మోషీలో మొదటి రాత్రే కుడుతుంది, మందు ప్రయాణానికి ముందే మొదలుకావాలి. బీమా పాలసీలో 6,000 మీటర్ల ఎత్తు దాకా నడకకు, హెలికాప్టరులో దింపడానికి వర్తిస్తుందని రాసి ఉండాలి. మామూలు ప్రయాణ బీమాల్లో చాలావరకు దీన్ని మినహాయిస్తాయి.

చివరగా మీరు అడగని ఒక విషయం. మీ ఇద్దరిలో ఒకరికి బాగా లేకపోతే రెండో వారు ఏం చేయాలో ఇంటి దగ్గరే మాట్లాడుకుని నిర్ణయించుకోండి. అర్ధరాత్రి, 5,000 మీటర్ల పైన, చలిలో, మెదడు మందగించిన స్థితిలో భార్యాభర్తలు ఆ నిర్ణయం సరిగ్గా తీసుకోలేరు. ఇద్దరు యాత్రికులకు ఎంతమంది గైడులను పంపుతారో అడగమని పైన అన్నది ఇందుకే, ప్రధాన గైడు, సహాయక గైడు ఇద్దరూ ఉండాలి. ఒకరు దిగితే ఒక గైడు వారితో దిగుతాడు, రెండో వారు ఆగవలసిన అవసరం ఉండదు. మేము వెళ్ళినప్పుడు నా భార్యకు బరాఫు దాటిన రెండు గంటలకు వాంతులు మొదలయ్యాయి. ముందే అనుకున్నాం కనుక ఆవిడ ఒక్క మాట కూడా లేకుండా సహాయక గైడుతో తిరిగింది, నేను ముందుకు సాగాను. మధ్యాహ్నం నేను మ్వెకా చేరేసరికి ఆవిడ గుడారం బయట స్టూలు మీద కూర్చుని టీ తాగుతూ ఉంది. వంటవాడిచేత నాకు కూడా ఒక గ్లాసు పెట్టించి ఉంచింది.